మెదడు కూడా ఒక అమానతే



ఒక ఇంటిని ఊహించుకోండి. మోపిదేవి దగ్గర, కృష్ణ కరకట్టకు దిగువన ఒక చిన్న పల్లె. ఫజ్ర్ అజాన్ వినిపించింది. అరవై ఏళ్ల పెద్దాయన ఎప్పటిలాగే లేచి, కుళాయి దగ్గర కూర్చుని వుజూ మొదలుపెట్టాడు. నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలిస్తుంటే ఎడమ పెదవి చివర నుంచి నీళ్లు జారిపోయాయి. ఎడమ చేతిని మోచేతి దాకా కడుగుదామంటే చెయ్యి లేవలేదు. "ఏమైందండీ?" అని భార్య అడిగితే జవాబు ముద్దముద్దగా వచ్చింది.

తర్వాత ఏం జరుగుతుంది? మన ఇళ్లలో తరచుగా జరిగేది ఇదే. "చలికి పట్టేసి ఉంటుంది, కాసేపు పడుకోండి" అంటారు. కొడుకు వచ్చి నువ్వుల నూనె మర్దన చేస్తాడు. పొరుగావిడ పావురం రక్తం పూయమని చెబుతుంది. ఇంకొకరు ఫలానా ఊళ్లో పసరు మందు పోస్తారని చెబుతారు. ఒకరు తావీజు తెస్తారు. చివరికి జుహ్ర్ దాటాక ఆటో మాట్లాడి బందరు తీసుకుపోతారు. అప్పటికి ఏడెనిమిది గంటలు గడిచిపోయాయి. ఆ ఇంట్లో ప్రేమకు లోటు లేదు, దుఆలకు లోటు లేదు. లోటల్లా తెలియకపోవడమే. ఆ తెలియనితనం ఒక మనిషి కాలూ చెయ్యీ, మాటా తీసుకుపోతుంది.

మన శరీరం మన సొంత ఆస్తి కాదు, అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్ అని మనం నమ్ముతాం. కళ్లకు, పళ్లకు, పొట్టకు ఏదైనా వస్తే వెంటనే కదులుతాం. మెదడుకు జబ్బు చేస్తే మాత్రం దాన్ని జబ్బుగా గుర్తించడానికే చాలా సమయం పడుతోంది. మెదడు ఎలా పనిచేస్తుందో, దానికి సాధారణంగా వచ్చే జబ్బులేవో, అప్పుడు ఇంటిల్లిపాదీ ఏం చేయాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

మెదడు ఎలా పనిచేస్తుంది?

పెద్దవారి మెదడు బరువు సుమారు 1.3 నుంచి 1.4 కిలోలు. అంటే శరీరం బరువులో యాభయ్యో వంతు. కాని మనం పీల్చే ప్రాణవాయువులో దాదాపు అయిదో వంతు అదొక్కటే వాడుకుంటుంది. అందులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయని శాస్త్రవేత్తల అంచనా. ఈ కణాలు సన్నని విద్యుత్ సంకేతాలతో, కొన్ని రసాయనాలతో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి.

మెదడులో ముఖ్యంగా మూడు భాగాలున్నాయి. పైన ఉన్న పెద్ద మెదడు ఆలోచన, జ్ఞాపకం, మాట, చూపు, కదలికలను చూసుకుంటుంది. వెనుక కింద ఉన్న చిన్న మెదడు తూలిపోకుండా నిలబడడానికీ, నడవడానికీ తోడ్పడుతుంది. వెన్నుపాముతో కలిసే మెదడు కాండం శ్వాస, గుండె కొట్టుకోవడం వంటి పనులను మన ప్రమేయం లేకుండానే నడిపిస్తుంది. పెద్ద మెదడులో కుడి సగం శరీరం ఎడమ పక్కను, ఎడమ సగం కుడి పక్కను కదిలిస్తాయి. చాలామందిలో మాట ఎడమ సగంలో ఉంటుంది. అందుకే కుడి చెయ్యి పడిపోయినవారికి తరచుగా మాట కూడా పోతుంది.

దివిసీమ రైతులకు దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లు కాలువల్లో పారి, పిల్లకాలువల గుండా మన చివరి భూములకు చేరాలి. మధ్యలో పూడిక పడితే కింది చేలు ఎండిపోతాయి. గట్టు తెగితే చేలు మునిగిపోతాయి. ఎండినా మునిగినా పోయేది పంటే. గుండె నుంచి మెదడుకు వెళ్లే రక్తనాళాల సంగతీ అంతే. ఒక తేడా మాత్రం ఉంది. వరి చేను నీళ్లు లేకపోయినా కొన్ని రోజులు ఓర్చుకుంటుంది. మెదడు కొన్ని నిమిషాలు కూడా ఓర్చుకోలేదు.

పక్షవాతం: మన ఇళ్లలో ఫాలిజ్

మెదడులోని రక్తనాళంలో గడ్డ అడ్డుపడడం పూడిక లాంటిది. నాళం చిట్లి రక్తం కారడం గట్టు తెగడం లాంటిది. రెండింటినీ పక్షవాతమనే అంటాం. గడ్డ అడ్డుపడి వచ్చేదే ఎక్కువ. పెద్ద రక్తనాళం మూసుకుపోయినప్పుడు ప్రతి నిమిషానికీ సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని 2006లో వెలువడిన ఒక లెక్క చెబుతోంది.

గుర్తుపట్టడానికి మూడు పరీక్షలు చాలు.

ఒకటి, నవ్వమనండి. మూతి ఒక పక్కకు లాగుతోందా?
రెండు, రెండు చేతులూ ముందుకు చాచమనండి. ఒక చెయ్యి కిందికి జారిపోతోందా?
మూడు, ఒక చిన్న మాట చెప్పమనండి. నాలుక తడబడుతోందా, మాట అర్థం కాకుండా ఉందా?

ఈ మూడింటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినా అది పక్షవాతమనే భావించి బయల్దేరాలి. ఒక కంటి చూపు ఉన్నట్టుండి పోవడం, నిలబడలేక తూలిపోవడం, ముందెన్నడూ ఎరగనంత తీవ్రమైన తలనొప్పి ఒక్కసారిగా రావడం కూడా ఇలాంటి గుర్తులే. వుజూ, నమాజు ఆరాధనలే తప్ప వైద్య పరీక్షలు కావు. అయినా రోజుకు అయిదు సార్లు పుక్కిలించి, చేతులెత్తి, పారాయణం చేసి, నిలబడి వంగే మనిషికి తన శరీరంలో వచ్చిన తేడా త్వరగా తెలిసే అవకాశం ఉంది. ఆ తేడాను తేలిగ్గా తీసుకోకండి.

గడ్డను కరిగించే ఇంజక్షన్ ఉంది. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపలే దాన్ని ఇస్తారు. ఎంత ముందు ఇస్తే అంత మేలు. దానికి ముందు సీటీ స్కాన్ తప్పనిసరి. ఎందుకంటే అది గడ్డా, రక్తస్రావమా అన్నది బయటి నుంచి చూసి చెప్పడం ఎంతటి వైద్యుడికీ సాధ్యం కాదు. రక్తస్రావమైనవారికి ఆ ఇంజక్షన్ ఇస్తే ప్రాణానికే ముప్పు. ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ బిళ్ల తొందరపడి వేయకూడదనడానికి కారణం కూడా ఇదే. పెద్ద నాళంలో గడ్డ ఉంటే, సన్నని గొట్టం పంపి దాన్ని బయటికి లాగే చికిత్స కూడా ఇప్పుడు పెద్ద ఆసుపత్రుల్లో ఉంది. తగిన రోగుల్లో 24 గంటల వరకు దాన్ని చేస్తున్నారు. కాబట్టి ఆలస్యమైందని వెళ్లడం మానుకోకండి.

లెక్క చూడండి. మోపిదేవి నుంచి చల్లపల్లి మీదుగా బందరు సుమారు 35 కిలోమీటర్లు. విజయవాడ సుమారు 70 కిలోమీటర్లు. వెంటనే బయల్దేరితే నాలుగున్నర గంటల్లో చేరడం కష్టం కాదు. సమయాన్ని మింగేది దారి కాదు, ఇంటి గడప దగ్గర జరిగే చర్చ. మన రాష్ట్రంలో 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది. ఆ నంబరు ఇంట్లో పదేళ్ల పిల్లాడికి కూడా నోటికి రావాలి. ఫోను చేసినప్పుడే "పక్షవాతం అనుమానంగా ఉంది" అని చెప్పండి. సీటీ స్కాన్ రాత్రింబగళ్లు నడిచే ఆసుపత్రి ఏదో జబ్బు రాకముందే కనుక్కోండి.

వైద్యుడు అడిగే మొదటి ప్రశ్న "ఎప్పుడు మొదలైంది?" అని. గడియారం చూడకపోయినా "ఫజ్ర్ అజాన్ అప్పుడు బాగానే లేచారు, వుజూ చేస్తుండగా మొదలైంది" అని చెబితే చాలు, వైద్యుడికి సమయం తెలిసిపోతుంది. నిద్రలో వచ్చి ఉంటే, చివరిసారి మామూలుగా ఉన్నప్పుడు ఎవరు చూశారో ఆ వేళ చెప్పాలి.

దారిలో అన్నం, నీళ్లు, పసరు ఏదీ నోట్లో పోయకండి. మింగే శక్తి దెబ్బతిని ఉంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. పావురం రక్తం వల్ల, మర్దన వల్ల మెదడులోని గడ్డ కరగదు.

ఇక లఖ్వా సంగతి. ముఖానికి వెళ్లే నరం వాచినా మూతి వంకర పోతుంది. అప్పుడు ఆ పక్క కన్ను మూతపడదు, కనుబొమ్మ పైకి లేవదు. కాళ్లూ చేతులూ బాగానే ఉంటాయి. ముఖం వంకర పోవడంలో మెదడు లోపలి కారణాన్నీ, బయటి నరం కారణాన్నీ వేరుచేసి చూసిన తొలి వైద్యుల్లో అబూబకర్ అర్‌రాజీ ఒకరు. తొమ్మిది, పది శతాబ్దాల మధ్య జీవించిన ఆయన 'అల్ హావీ' గ్రంథంలో దీన్ని వివరించారు. వెయ్యేళ్ల క్రితమే మన పూర్వీకులు జబ్బును ఇంత జాగ్రత్తగా పరిశీలించి చూస్తే, ఈనాడు మనం చూడకుండానే తీర్పు చెప్పడం తగునా? అయితే అది లఖ్వాయా, పక్షవాతమా అని ఇంట్లో తేల్చుకుంటూ కూర్చోకండి. వైద్యుడినే తేల్చనివ్వండి.

పక్షవాతానికి మొదటి శత్రువు అదుపులో ఉన్న బీపీ. పెరిగిన బీపీకి నొప్పి ఉండదు. అందుకే చాలామంది "తగ్గిపోయింది" అని మాత్రలు మానేస్తారు. మాత్ర వేసుకుంటున్నంత కాలమే అది అదుపులో ఉంటుంది. మధుమేహం, బీడీ, చుట్ట, గుట్కా, గుండె లయ తప్పి కొట్టుకోవడం మిగతా కారణాలు. మన తీరంలో ఎండుచేపలు, ఊరగాయలు, అప్పడాలు రోజూ తినే ఇళ్లలో ఉప్పు ఎంత పోతోందో ఒకసారి లెక్క చూసుకోండి.

మూర్ఛ: మన ఇళ్లలో మిర్గీ

మెదడులోని కణాలు క్రమంగా, వంతులవారీగా మాట్లాడుకుంటాయని చెప్పుకున్నాం. ఒక్కోసారి కొన్ని కణాలు ఒక్కసారిగా, అదుపు లేకుండా సంకేతాలు పంపితే వచ్చేదే మూర్ఛ. కొందరు కిందపడి కొట్టుకుంటారు. కొందరు, ముఖ్యంగా పిల్లలు, కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఉండిపోతారు. బడిలో "పరధ్యానం" అని దెబ్బలు తినే పిల్లల్లో కొందరికి ఉండేది ఈ జబ్బే. ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ ఉంది. సరైన చికిత్స అందితే వారిలో నూటికి 70 మంది మూర్ఛలు లేకుండా జీవించగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

దైవప్రవక్త ముహమ్మద్ (స) కాలంలో జరిగిన ఒక సంఘటన బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఒక నల్లజాతి మహిళ ఆయన దగ్గరికి వచ్చి, తనకు మూర్ఛ వస్తోందనీ, ఆ సమయంలో ఒంటి మీది బట్ట తొలగిపోతోందనీ చెప్పి దుఆ చేయమని కోరింది. సహనం వహిస్తే స్వర్గం లభిస్తుందనీ, కావాలంటే స్వస్థత కోసం దుఆ చేస్తాననీ ఆయన (స) ఆమెకే ఎంపిక ఇచ్చారు. ఆమె సహనాన్నే ఎన్నుకుంది. బట్ట తొలగకుండా ఉండేందుకు మాత్రం దుఆ చేయమంది. ఆయన (స) చేశారు. తర్వాతి కాలంలో హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తన శిష్యుడైన అతా బిన్ అబీ రబాహ్‌కు ఆమెను స్వర్గవాసుల్లోని స్త్రీగా చూపించారు.

ఈ సంఘటనలో మనకు మూడు పాఠాలున్నాయి. ఆమె తన జబ్బును దాచుకోలేదు. ఎవరూ ఆమెను పాపి అనలేదు, అసహ్యించుకోలేదు. ఆమె బాధలో గౌరవం కూడా ఒక భాగమని ప్రవక్త (స) గుర్తించారు. కాబట్టి వీధిలో ఒక స్త్రీ మూర్ఛతో పడిపోతే గుంపుగా మూగి చూడడం కాదు, ముందు ఒక దుప్పటి కప్పడం మన బాధ్యత. ఈ సంఘటనను మందులు మానడానికి సాకుగా తీసుకోకూడదు. చికిత్స చేయించుకోవచ్చా అని అడిగిన ఎడారి వాసులకు చేయించుకోమని చెప్పినవారు కూడా ఆయనే (స). మందు లేని జబ్బును అల్లాహ్ దించలేదని చెప్పినవారూ ఆయనే (స).

మూర్ఛ వచ్చినప్పుడు చేయవలసింది కొంచెమే. చుట్టూ ఉన్న రాయి, పొయ్యి, కత్తిపీట వంటివి తొలగించండి. తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి. మెడ దగ్గరి గుండీలు వదులు చేయండి. కొట్టుకోవడం తగ్గగానే పక్కకు తిప్పండి. సమయం చూడండి. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ వచ్చినా, గర్భిణికి వచ్చినా, మొట్టమొదటిసారి వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ, చెప్పు వాసన చూపించడం వల్ల ప్రయోజనం లేదు. మూర్ఛ చాలాసార్లు రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది. మనం ఇనుము పెట్టాం కాబట్టి ఆగిందనుకుంటాం. పళ్ల మధ్య చెంచా, గుడ్డ పెట్టడం ప్రమాదకరం. పళ్లు విరుగుతాయి, ఊపిరి ఆడదు.

పంది మాంసం తినని మనకెందుకు?

మన దేశంలో మూర్ఛకు ఒక ముఖ్య కారణం మెదడులో చేరే నులిపురుగు తిత్తులు. ఇది పంది మాంసం ద్వారా వచ్చే బద్దెపురుగుకు సంబంధించినదని వినగానే "మనం హరామ్ ముట్టం కదా" అని ధీమా పడతాం. ఇక్కడే పొరపాటు ఉంది. సరిగా ఉడకని పంది మాంసం తిన్నవారి పేగులో పురుగు పెరుగుతుంది. ఆ మనిషి మలంతో బయటపడే గుడ్లు నీటి ద్వారా, కడగని ఆకుకూరల ద్వారా, శుభ్రం చేసుకోని చేతుల ద్వారా ఎవరి కడుపులోకి పోతే వారి మెదడుకు చేరతాయి. పంది మాంసం ముట్టని శాకాహారులకూ, ముస్లింలకూ ఇది వస్తుంది. అమెరికాలోని న్యూయార్కులో పంది మాంసం నిషిద్ధంగా పాటించే యూదు కుటుంబాల్లో కూడా ఈ జబ్బు బయటపడిందని 1992లో వైద్యులు ప్రకటించారు. వంటింట్లో పనిచేసేవారి ద్వారా అది వచ్చి ఉంటుందని వారి పరిశీలన.

కాబట్టి తహారత్‌ను కేవలం నమాజు షరతుగా చూడకండి. మరుగుదొడ్డి నుంచి వచ్చాక నీళ్లతో పాటు సబ్బు వాడండి. తోటకూర, కొత్తిమీర, కీరదోస ధారగా పారే నీళ్లలో బాగా కడగండి. కాలువ గట్లను మలవిసర్జనకు వాడే అలవాటు ఎక్కడ ఉన్నా మాన్పించండి.

మందులు, రమజాన్, పెళ్లి

మూర్ఛ మందులను అకస్మాత్తుగా మానడం అన్నిటికంటే ప్రమాదం. ఆగకుండా వరుసగా మూర్ఛలు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. రమజాన్‌లో ఇది తరచుగా జరుగుతుంది. రోగులు, ప్రయాణికులు తర్వాతి రోజుల్లో ఉపవాసాలు పూర్తి చేసుకోవచ్చని బఖరా సూరాలోని 185వ ఆయతు అనుమతినిస్తోంది. ఆ అనుమతి అల్లాహ్ ఇచ్చిన కానుక. రోజుకు రెండు పూటల మందు వేసుకునే కొందరికి వైద్యుడు సహరీ, ఇఫ్తార్ వేళలకు మార్చి ఇవ్వగలడు. మరికొందరికి ఆకలి, నిద్రలేమి మూర్ఛను రేపుతాయి. మీరు ఏ రకమో రమజాన్ రాకముందే అడిగి తెలుసుకోండి.

పెళ్లి విషయంలో మన ఇళ్లలో కన్నీళ్లు ఎక్కువ. ఆడపిల్లకు మూర్ఛ ఉందని దాచి నికాహ్ చేస్తారు. అత్తవారింట్లో ఎవరూ చూడకూడదని ఆ పిల్ల మాత్రలు మానేస్తుంది. నెల తిరగకముందే అందరి ముందూ పడిపోతుంది. తర్వాత "మోసం" అంటారు, తలాక్ దాకా పోతుంది. తప్పెవరిది? జబ్బుది కాదు, దాచిపెట్టినవారిది. జబ్బును నేరంలా చూసిన మనందరిదీ. 1999లో పార్లమెంటు చట్ట సవరణ చేసి హిందూ వివాహ చట్టం, ప్రత్యేక వివాహ చట్టాల నుంచి మూర్ఛ అన్న మాటనే తొలగించింది. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టంలో దాని ప్రస్తావనే లేదు. కాబట్టి ముందే నిజం చెప్పండి. వినేవారు కూడా దాన్ని బీపీ, షుగర్ల లాగే ఒక జబ్బుగా వినండి.

మూర్ఛ ఉన్న స్త్రీలు పిల్లల్ని కనగలరు. గర్భం ధరించకముందే వైద్యుడిని కలవాలి. వాల్‌ప్రోయేట్ వంటి కొన్ని మందులు కడుపులోని బిడ్డకు హాని చేస్తాయి. వాటిని వైద్యుడే మార్చాలి, మీరుగా మానకూడదు. ఫోలిక్ యాసిడ్ కూడా ఇస్తారు. బిడ్డ వెన్నుపాము లోపాలను తగ్గించే ఆ ఫోలిక్ యాసిడ్‌ను 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన పరిశోధక బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

విషం నరాలను తాకినప్పుడు

2018 వర్షాకాలంలో దివిసీమలో పాముకాట్లు వరుసగా జరిగి జనం భయపడిపోయారు. అవనిగడ్డ ప్రభుత్వాసుపత్రికి బాధితులు ఒకరి వెంట ఒకరు వచ్చారు. పాముకాటు ఈ పాఠంలోకి ఎందుకు వచ్చిందంటారా? త్రాచు, కట్లపాము విషాలు నరం నుంచి కండరానికి వెళ్లే సంకేతాన్ని ఆపేస్తాయి. మెదడు ఆజ్ఞ ఇచ్చినా కండరం వినదు. ముందు కనురెప్పలు వాలతాయి, మాట నంగిగా వస్తుంది, మింగలేరు, చివరికి ఊపిరి ఆగుతుంది. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవారిని కాటేస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు. తెల్లవారి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం చూసి "గాలి సోకింది" అనుకుంటే ప్రాణం పోతుంది. విషానికి విరుగుడు మందు, ఊపిరి అందించే యంత్రం సకాలంలో దొరికితే పూర్తిగా కోలుకుంటారు. కోయడం, పీల్చడం, బిగించి కట్టడం చేయకండి. కాలు కదలకుండా కర్రతో కట్టి ఆసుపత్రికి చేర్చండి. మంచం మీద దోమతెరలో పడుకోండి. ఫజ్ర్‌కు వెళ్లేటప్పుడు చేతిలో టార్చి ఉంచుకోండి.

2020 డిసెంబరులో మన పక్కనే ఉన్న ఏలూరులో 600 మందికి పైగా ఉన్నట్టుండి మూర్ఛ, వాంతులతో పడిపోయారు. బాధితుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో కనిపించింది. పురుగుమందుల అవశేషాలనూ నిపుణులు అనుమానించారు. చాలా పురుగుమందులు పురుగు నరాలను చంపేలా తయారైనవే. మనిషి నరాలు వాటికి మినహాయింపు కావు. పిచికారీ చేసేవారు ముఖానికి గుడ్డ, చేతులకు తొడుగు వాడాలి. ఆ డబ్బాల్లో నీళ్లు, నూనె నింపుకోకూడదు.

వణుకు, మతిమరుపు

ముసలితనంలో చెయ్యి వణకడం, అడుగు చిన్నదైపోవడం, ముఖంలో కదలిక తగ్గడం కనిపిస్తే అది పార్కిన్సన్ జబ్బు కావచ్చు. 1817లో దీన్ని వర్ణించిన వైద్యుడి పేరే దీనికి వచ్చింది. మెదడులో డోపమైన్ అనే రసాయనం తగ్గడం దీనికి కారణం. దాన్ని భర్తీ చేసే లెవోడోపా మందు మన చేలగట్ల మీద పెరిగే దూలగొండి గింజల్లో కూడా సహజంగా ఉంటుంది. అలాగని గింజలు నూరి మింగకండి. మోతాదు తెలియకపోతే మందే విషమవుతుంది.

మతిమరుపు జబ్బు వచ్చినవారు అడిగిందే అడుగుతారు, తిన్నా తినలేదంటారు, సొంత పిల్లల్ని గుర్తుపట్టరు. ఎంతో తెలిసిన మనిషి ఏమీ తెలియని స్థితికి తిరిగిపోవడం గురించి నహ్ల్ సూరా 70వ ఆయతు ప్రస్తావిస్తుంది. అలాంటి దశ నుంచి దైవప్రవక్త (స) అల్లాహ్ శరణు వేడుకునేవారు. ముసలివారైన తల్లిదండ్రుల పట్ల విసుగు మాట కూడా పలకరాదని ఇస్రా సూరా 23వ ఆయతు ఆదేశిస్తోంది. ఆ ఆదేశానికి అసలు పరీక్ష ఇలాంటి ఇంట్లోనే ఎదురవుతుంది. "ఇందాకే చెప్పాను కదమ్మీ!" అని అరిచేముందు, ఆ ప్రశ్న అడుగుతున్నది ఆమె మొండితనం కాదు, ఆమె జబ్బు అని తలచుకోండి. మతి తప్పిన మనిషి నమాజు మరచిపోతే అతని మీద దోషం లేదు. అతన్ని చూసుకునే బాధ్యత మాత్రం మన మీద ఉంది. మతిమరుపు అంతా నయం కానిదేమీ కాదు. థైరాయిడ్ లోపం, బీ12 విటమిన్ లోపం వల్ల వచ్చేది మందులతో మెరుగవుతుంది. అందుకే ఒకసారి పరీక్ష చేయించాలి.

దుఆ, మందు

"అల్లాహ్ మీద భారం వేశాం" అనేవారికి ఒక మాట. ఒంటెను కట్టివేసి తవక్కుల్ చేయమని ప్రవక్త (స) నేర్పారు. దుఆ ఆపమని ఎవరూ చెప్పరు. 108కి ఫోను చేసి, అంబులెన్సులో కూర్చుని దుఆ చేయండి. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పక్కకు ఒరిగి నమాజు చేయవచ్చని ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు ఆయన (స) చెప్పారు. కాబట్టి పక్షవాతం వచ్చినవారు నమాజు పోయిందని కుమిలిపోనవసరం లేదు. సంజ్ఞలతో చేసినా అల్లాహ్ స్వీకరిస్తాడని ఆశించాలి. కాలూ చెయ్యీ తిరిగి రావడానికి వ్యాయామ చికిత్స తొలి నెలల్లో ఎంతో మేలు చేస్తుంది. దాన్ని మధ్యలో వదలకండి.

మసీదు కమిటీలకు ఒక విన్నపం. నెలకొక జుమా రోజున నమాజు తర్వాత బీపీ పరీక్ష పెట్టించండి. రాత్రివేళ కదలగల ఒక వాహనం, దాని డ్రైవరు నంబరు గోడ మీద రాయించండి. నిరుపేద రోగి మందుల ఖర్చుకు జకాత్ ఎలా చేర్చాలో ఉలమాతో మాట్లాడండి.

ఇంట్లో అందరూ కూర్చుని ఈ ప్రశ్నలకు జవాబులు చెప్పుకోండి

1. పక్షవాతాన్ని గుర్తించే మూడు పరీక్షలేవి?
2. మన ఇంటికి దగ్గరలో సీటీ స్కాన్ ఎక్కడ ఉంది? ఎంతసేపట్లో చేరగలం?
3. మూర్ఛ వచ్చినవారి నోట్లో చెంచా ఎందుకు పెట్టకూడదు?
4. పంది మాంసం తినకపోయినా మెదడులో తిత్తులు ఎలా వస్తాయి?
5. మన ఇంట్లో బీపీ మాత్రలు ఎవరు వాడుతున్నారు? ఈ రోజు వేసుకున్నారా?

మొదట చెప్పుకున్న ఇంటికి మళ్లీ వెళ్దాం. పెద్దాయన పెదవి చివర నుంచి నీళ్లు జారాయి. ఈసారి ఆయన మనవరాలు ఈ పాఠం చదివి ఉంది. "నానా, ఒకసారి నవ్వండి. చేతులు చాచండి" అంది. వెంటనే ఫోను తీసింది. ఆ అమ్మాయి మీ ఇంట్లోనే ఉండవచ్చు. ఒక ప్రాణాన్ని కాపాడినవాడు మానవులందరినీ కాపాడినట్టేనని ఖుర్‌ఆన్ బోధిస్తోంది. ఆ ప్రాణం మన ఇంట్లోనిదే అయితే ఆలస్యం దేనికి?

అల్లాహ్ మన రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక! ఆయన అప్పగించిన అమానత్‌ను తెలిసి కాపాడుకునే వివేకాన్ని మనకు అనుగ్రహించుగాక! ఆమీన్.